వాట్సన్‌ని డాక్టరుగా ఉంచారా? షెర్లాక్, ఎలిమెంటరీ సిరీస్‌ల మీద ఒక డాక్టరు రివ్యూ

షెర్లాక్ హోమ్స్‌ని ఈ కాలానికి తీసుకొచ్చిన సిరీస్‌లలో బాగా పేరొచ్చినవి రెండు. ఒకటి బీబీసీ 2010లో మొదలుపెట్టిన షెర్లాక్. రెండోది అమెరికాలో సీబీఎస్ 2012 నుంచి 2019 దాకా నడిపిన ఎలిమెంటరీ. వీటి గురించి ఎవరిని కదిపినా హోమ్స్ వేషం వేసిన నటుడి గురించే చెబుతారు. బెనెడిక్ట్ కంబర్‌బాచ్ గొప్పా, జానీ లీ మిల్లర్ గొప్పా అన్న వాదన ఇప్పట్లో తెమిలేది కాదు, నేను దాని జోలికి పోను. నేను అమలాపురంలో ప్రాక్టీస్ చేసే జనరల్ ఫిజీషియన్‌ని. హోమ్స్ కథలు మొత్తం అరవై ఉంటే, నాలుగు తప్ప అన్నీ చెప్పేది వాట్సన్ అనే డాక్టరు. రాసిన ఆర్థర్ కానన్ డాయిల్ కూడా డాక్టరే. అందుకని ఈ సిరీస్‌లలో నేను గమనించేది ఒక్కటే. ఇప్పటి ప్రేక్షకుల కోసం మార్పులు చేసేటప్పుడు వాట్సన్‌ని డాక్టరుగా ఉంచారా, లేక హోమ్స్ తెలివికి ఆశ్చర్యపోవడానికి పక్కన నిలబెట్టారా? అది సరిగ్గా ఉన్నచోట సిరీస్ మొత్తం బాగుంది. అది జారినచోట హోమ్స్ కూడా పాడయ్యాడు.

మలుపులు చెప్పకుండా ఈ సంగతి రాయడం నాకు చేతకాలేదు. ఇంకా చూడనివాళ్లు, సస్పెన్స్ పోకూడదనుకునేవాళ్లు చూశాకే చదవండి.

అసలు హోమ్స్ పుట్టిందే ఓపీలో. డాయిల్ ఎడిన్‌బరోలో వైద్యం చదివేటప్పుడు జోసెఫ్ బెల్ అనే సర్జన్ దగ్గర ఓపీ క్లర్కుగా పనిచేశాడు. బెల్ పేషెంటు నోరు విప్పకముందే అతనెవరో, ఎక్కడి నుంచి వచ్చాడో చెప్పేవాడట. డాయిల్ తన ఆత్మకథలో ఒక సంఘటన రాశాడు. లోపలికి వచ్చిన ఒక మనిషిని చూసి బెల్, నువ్వు సైన్యంలో పనిచేశావు, ఈ మధ్యే బయటికొచ్చావు, బార్బడోస్‌లో ఉండేవాడివి అన్నాడు. అన్నీ నిజమే. ఎలా తెలిసిందంటే, మనిషి మర్యాదస్తుడే కానీ టోపీ తియ్యలేదు, సైన్యంలో తియ్యరు. బయటికొచ్చి చాలా కాలమైతే ఆ అలవాటు పోయి ఉండేది. ఇక బార్బడోస్ సంగతి పట్టిచ్చింది అతని జబ్బు. బోదకాలు. అది బ్రిటన్‌లో వచ్చేది కాదు, వెస్టిండీస్‌లో ఉండేది.

మా గోదావరి జిల్లాల్లో బోదకాలు అంటే తెలియనివాళ్లు లేరు. ఇంటింటికీ వచ్చి డీఈసీ మాత్రలు మింగించే కార్యక్రమం ఇక్కడ అందరికీ అలవాటే. అలాంటి జబ్బు ఒకటి హోమ్స్ పుట్టుకలో ఉందని చదివినప్పటి నుంచీ ఆ పాత్ర నాకు ఎక్కడో లండన్ మనిషిలా అనిపించలేదు. మా పనే చేసే మనిషి అనిపించాడు. నేరస్థుణ్ణి పట్టుకునే తెలివిగా లోకం చూసేది, మొదట్లో రోగిని శ్రద్ధగా చూసే చూపు. ఆ చూపులో సగం డాయిల్ హోమ్స్‌కి ఇచ్చాడు. మిగతా సగం, అంటే చూసినదాన్ని పట్టించుకునే మనసు, వాట్సన్‌కి ఇచ్చాడు. ఇద్దర్నీ విడదీస్తే చెరొకరూ సగమే.

షెర్లాక్ మొదటి ఎపిసోడ్ ఈ సంగతి తెలిసినవాళ్లు తీశారు. దాని రచయితలు స్టీవెన్ మొఫాట్, మార్క్ గాటిస్ ఇద్దరూ డాయిల్‌ని కంఠతా పట్టినవాళ్లని ప్రతి సీన్‌లోనూ తెలుస్తుంది. 1887లో వచ్చిన తొలి నవలలో వాట్సన్ రెండో ఆఫ్ఘన్ యుద్ధంలో మైవాండ్ దగ్గర గాయపడి, పెషావర్ ఆసుపత్రిలో కోలుకుంటూ ఉండగా టైఫాయిడ్ తగులుకుని, చిక్కిశల్యమై లండన్ చేరతాడు. 2010లో మార్పు చెయ్యడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు, ఎందుకంటే బ్రిటిష్ సైన్యం మళ్లీ ఆఫ్ఘనిస్తాన్‌లోనే ఉంది. టైఫాయిడ్‌ని మాత్రం తీసేశారు. ఈ రోజుల్లో సైనిక డాక్టరు టైఫాయిడ్‌తో నెలల తరబడి మంచాన పడటం నమ్మశక్యంగా ఉండదు. దాని స్థానంలో ఇప్పటి జబ్బు పెట్టారు. మార్టిన్ ఫ్రీమన్ వేసిన వాట్సన్ నిద్రలో యుద్ధం కలలొచ్చి ఉలిక్కిపడి లేస్తాడు. ఎడమ చెయ్యి వణుకుతుంది. కుంటుతాడు.

ఆ కుంటు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. డాయిల్ కథల్లో పాఠకుల్ని ఎప్పటినుంచో తికమక పెట్టే సంగతి ఒకటుంది. తొలి నవలలో వాట్సన్‌కి తూటా భుజంలో తగిలిందంటాడు, రెండో నవలలో కాలికి తగిలిందంటాడు. సిరీస్‌లో దీన్ని ఎంత అందంగా సర్దారంటే, గాయం నిజంగా భుజానికే అయింది, కుంటేది మాత్రం కాలు. కాలికి ఏ దెబ్బా లేదు, మనసులోంచి వచ్చిన కుంటు. హోమ్స్ దాన్ని ఎలా పట్టుకున్నాడో చెబుతాడు: నడిచేటప్పుడు బాగా కుంటుతున్నావు, కానీ నిలబడి ఉన్నప్పుడు కుర్చీ అడగలేదు, కాలు సంగతే మర్చిపోయినట్టు నిలబడ్డావు. ఇది రచయితలు గాల్లోంచి పుట్టించింది కాదు. ఇలాంటి కేసుల్లో మేము సరిగ్గా ఇదే చూస్తాం. దృష్టి వేరే దాని మీదకు మళ్లించినప్పుడు నడక బాగుపడుతుందా అని చూస్తాం. ఇలాంటి పేషెంట్లు నటించరు. కాలు నిజంగానే సహకరించదు. కానీ ఇంట్లోవాళ్లు నటన అనుకుని విసుక్కుంటారు. ఒక పెద్దావిడ మా దగ్గరికొచ్చి, "అందరూ నాటకమంటున్నారు డాక్టరమ్మా, మీరైనా నమ్మండి" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అలాంటివాళ్లని రోజూ చూసేదాన్ని కాబట్టి, ఒక టీవీ సిరీస్ ఈ జబ్బుని వెటకారం లేకుండా చూపించడం నాకు ఎంతో విలువైనదిగా కనిపించింది.

దాన్ని తీర్చే పద్ధతి కూడా చూడండి. ఏంజెలో రెస్టారెంట్‌లో కూర్చున్న ఇద్దరూ ఒక టాక్సీ వెంట పరుగెత్తుతారు. మేడలెక్కి, గోడలు దూకి, సందులు దాటి, రొప్పుతూ నవ్వుతూ ఇంటికి చేరతారు. తలుపు చప్పుడవుతుంది. తీస్తే గుమ్మంలో ఏంజెలో, చేతిలో వాట్సన్ మర్చిపోయిన చేతికర్ర. అంతే. పాట లేదు, ఉపన్యాసం లేదు. ఫ్రీమన్ ముఖంలో ముందు అర్థం కాకపోవడం, తర్వాత అర్థం కావడం, ఆ రెండే కనిపిస్తాయి. నాకు సిరీస్ మొత్తంలో ఇదే అన్నిటికన్నా గొప్ప సీన్. పాత కథలో హోమ్స్ వాట్సన్‌కి స్నేహం ఇచ్చాడు. ఇందులో అతని కాళ్లు అతనికి తిరిగిచ్చాడు.

పాత వస్తువుల్ని కొత్త వస్తువులతో మార్చడంలో ఈ సిరీస్‌కి సాటి లేదు. రెండో నవలలో వాట్సన్ తన గడియారం ఇస్తే, తాళం చెవి పెట్టే రంధ్రం చుట్టూ ఉన్న గీతలు చూసి, ఇది తాగుడికి అలవాటుపడిన మీ అన్నది అని హోమ్స్ చెబుతాడు. వణికే చేత్తో తాళం తిప్పితే పడే గీతలవి. సిరీస్‌లో గడియారం బదులు సెల్‌ఫోన్. గీతలు చార్జర్ పెట్టేచోట. అదే వణుకు, అదే తాగుడు. ఫోన్ వెనక చెక్కిన పేరు హ్యారీ. దాన్నిబట్టి అన్న అనుకుంటాడు హోమ్స్. ఆ హ్యారీ హ్యారియట్ అనీ, అన్న కాదు అక్కచెల్లెలనీ తర్వాత వాట్సన్ చెబుతాడు. హోమ్స్‌కీ ఏదో ఒకటి తప్పుతుందన్నమాట, అదీ ముచ్చటగా ఉంది. డాయిల్ చివరి రోజుల కథల్లో ఒకదానిలో హోమ్స్ పంపే తంతి ఒకటుంది: వీలైతే వెంటనే రా, వీల్లేకపోయినా రా. ఆ మాటనే దాదాపు మార్చకుండా ఎస్సెమ్మెస్‌గా పెట్టారు. తెరమీద అక్షరాలు తేలుతూ కనపడతాయి. తంతి మనిషికి ఎస్సెమ్మెస్ కన్నా సహజమైనది ఇంకేముంటుంది? అతను ఎప్పుడూ పొదుపుగా, హడావిడిగా, అవతలివాళ్ల పనులు పట్టించుకోకుండా మాట్లాడేవాడే.

ఒక్కచోట మాత్రం నాలోని డాక్టరుకి నచ్చలేదు. ఆ తొలి నవలలో హంతకుడు గుర్రబ్బండి తోలేవాడు. పట్టుబడ్డాక, నా గుండె మీద చెయ్యి పెట్టి చూడండి అంటాడు. వాట్సన్ చెయ్యి పెడతాడు, లోపల కొట్టుకునే తీరు తెలుస్తుంది, ఇది అయోర్టాలో, అంటే గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళంలో, గోడ ఉబ్బిపోయి వచ్చిన ఎన్యూరిజమ్ అని అక్కడికక్కడే చెప్పేస్తాడు. స్కానింగులూ ఎకోలూ లేని రోజుల్లో చేత్తో చేసిన డయాగ్నసిస్ అది. సిరీస్‌లో హంతకుడు టాక్సీ డ్రైవరు, అతనికీ ఎన్యూరిజమ్, కాకపోతే మెదడులో. మార్పు వరకూ తెలివైనదే. కానీ ఆ సంగతి అతనే తల చూపించి హోమ్స్‌తో చెబుతాడు. వాట్సన్ చెయ్యి అక్కడ లేదు. ఆ సమయానికి వాట్సన్ ఎదురు బిల్డింగులో తుపాకీతో ఉంటాడు. కిటికీలోంచి గురిచూసి కాల్చి హోమ్స్‌ని కాపాడతాడు. చూసేవాళ్లకి ఒళ్లు గగుర్పొడిచే సీనే. అయినా నాడి పట్టే చేతికి తుపాకీ ఇచ్చారన్న వెలితి నాకు అప్పుడే మొదలైంది. సిరీస్ ముందుకు పోయేకొద్దీ ఆ వెలితి పెరిగింది.

ఇంకొకటి, హోమ్స్ జబ్బు. మొదటి ఎపిసోడ్‌లోనే తనని తాను సోషియోపాత్ అని, అంటే ఎదుటివాళ్ల బాధ పట్టని మనిషినని చెప్పుకుంటాడు, అదీ గర్వంగా. ఆ డైలాగు టీషర్టుల మీదకి కూడా ఎక్కింది. నాకు అది ఏ రకంగానూ మింగుడు పడదు. పుస్తకంలోని హోమ్స్ ముభావంగా ఉంటాడు, చిరాకు పడతాడు, గొప్పలు చెప్పుకుంటాడు. కానీ భయపడుతూ వచ్చిన ఆడపిల్లని మంట దగ్గర కూర్చోబెట్టి, వేడివేడి కాఫీ తెప్పించి, నెమ్మదిగా మాట్లాడించే మనిషి. తెలివైనవాడు అనగానే మర్యాద లేనివాడుగా చూపించాలన్న రూలు మన కాలం టీవీ పెట్టుకుంది. డాక్టర్ల మీద తీసిన సిరీస్‌లలోనూ ఇదే తంతు. పేషెంటుని తిట్టేవాడు మేధావి, పలకరించేవాడు మామూలువాడు. పేషెంటు మనసు విప్పి చెప్పకపోతే సగం జబ్బులు దొరకవని మాకు హౌస్‌సర్జన్సీలోనే తెలిసిపోతుంది. నోటి దురుసు ఉన్న డాక్టరుకి సమాచారం అందదు, డిటెక్టివ్‌కి మాత్రం ఎలా అందుతుంది?

ఐరీన్ ఆడ్లర్ గురించి చాలామంది చాలా రాశారు, నేను కొద్దిగా చెప్పి వదిలేస్తాను. 1891 కథలో ఆమె హోమ్స్‌ని ఓడించి, ఉత్తరం రాసిపెట్టి, భర్తతో హాయిగా వెళ్లిపోతుంది. షెర్లాక్‌లో 2012 ఎపిసోడ్‌లో ఆమె దాదాపు గెలిచి, చివర్లో హోమ్స్ మీద ప్రేమ వల్లే ఓడిపోయి, అతని చేతే ప్రాణం కాపాడించుకుంటుంది. నూట ఇరవై ఏళ్లు ముందుకొచ్చి ఆడమనిషిని వెనక్కి నెట్టారు. బట్టలు, భాష, ఫోను అన్నీ ఇప్పటివే, కథ మాత్రం డాయిల్ కన్నా పాతది.

షెర్లాక్ మూడో సీజన్‌లో నాకు ప్రాణంలేచివచ్చిన ఎపిసోడ్ వాట్సన్ పెళ్లి. హోమ్స్ తోడిపెళ్లికొడుకుగా ప్రసంగం చెయ్యాలి. అందరూ ఇబ్బంది పడేలా మొదలుపెట్టి, పాత కేసు ఒకటి చెబుతాడు. ఒక సైనికుడు స్నానాల గదిలో రక్తపు మడుగులో పడి ఉంటాడు, తలుపు లోపలి నుంచి గడియ. హోమ్స్ బుర్ర హత్య ఎలా జరిగిందన్న దాని మీద తిరుగుతుంటే, వాట్సన్ మోకాళ్ల మీద కూర్చుని నాడి చూస్తాడు. ప్రాణం ఉంది. వెంటనే గాయం మీద ఒత్తి పట్టుకుంటాడు. ఆ సంగతి తలుచుకుని హోమ్స్ ఏమంటాడంటే, హత్య ఎలా జరిగిందో నేను తేల్చగలను, ప్రాణం నిలబెట్టాలంటే జాన్ వాట్సన్ కావాలి అని. రచయితలకి వాట్సన్ ఎవరో తెలుసు. తెలిసీ తర్వాత వదిలేశారనేదే నా బాధ.

ఎందుకంటే ఆ వెంటనే వాట్సన్ భార్య మేరీ ఒకప్పటి కిరాయి హంతకురాలని తేలుతుంది. 2017లో వచ్చిన నాలుగో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో ఆమె చనిపోతుంది. అక్కడి నుంచి వాట్సన్‌కి దుఃఖం, కోపం తప్ప పని లేదు. రెండో ఎపిసోడ్ చూడండి. దానికి మూలం 1913లో వచ్చిన కథ, చావుబతుకుల్లో ఉన్న హోమ్స్ కథ. అందులో హోమ్స్‌కి ఏదో విదేశీ జబ్బు సోకి మంచాన పడతాడు. వాట్సన్ పరుగున వస్తే, దగ్గరికి రావద్దు, నీకు ఈ జబ్బు గురించి ఏం తెలుసు, నువ్వు మామూలు డాక్టరువి అని అవమానిస్తాడు. వాట్సన్ మనసు చివుక్కుమంటుంది. చివరికి అదంతా నేరస్థుణ్ణి రప్పించడానికి వేసిన నాటకమని తెలుస్తుంది. అప్పుడు హోమ్స్ చెప్పే సంజాయిషీ నేను ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. నీ వైద్యం మీద నాకు గౌరవం లేదనుకున్నావా, నాడి వేగం గానీ జ్వరం గానీ పెరగని మనిషిని చావుబతుకుల్లో ఉన్నాడంటే నువ్వు నమ్ముతావా, నాలుగు గజాల దూరంలో ఉంచితేనే నిన్ను మోసం చెయ్యగలను అంటాడు. అంటే లండన్ అంతటినీ ఏమార్చగల హోమ్స్‌కి ఒకే ఒక్క భయం: వాట్సన్ వేళ్లు తన మణికట్టు మీద పడటం. ఒక డాక్టరుకి ఇంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఏ కథలోనూ చదవలేదు.

సిరీస్‌లో దీన్నేం చేశారు? హోమ్స్ నిజంగానే డ్రగ్స్ తీసుకుని ఒళ్లు గుల్ల చేసుకుంటాడు. టోబీ జోన్స్ వేసిన విలన్ పాత్ర, ఆసుపత్రికి విరాళాలిచ్చే హంతకుడు, భయంకరంగా బాగుంది, ఒప్పుకోవాలి. కానీ హోమ్స్‌ని పరీక్ష చేసేది మార్చురీ డాక్టరు మోలీ, అంబులెన్స్‌లో. వాట్సన్ ఆసుపత్రిలో అతన్ని కిందపడేసి కొడతాడు. కొట్టడానికి కారణం ఉంది, దుఃఖం ఉంది, నటన కూడా బాగుంది. అయినా ఆ కథకి ప్రాణమైన నాలుగు గజాల దూరం తీసేశాక మిగిలింది ఇద్దరు బాధపడే మగవాళ్లు, అంతే. అలాంటి కథ ఎవరి మీదైనా రాసుకోవచ్చు, దానికి హోమ్స్, వాట్సన్ ఎందుకు?

చివరి ఎపిసోడ్ ఇంకా దారుణం. కథల్లో ఎక్కడా లేని చెల్లెల్ని, యూరస్‌ని, పుట్టించారు. ఆమె ఒక దీవి జైల్లో కూర్చుని అందరి మెదళ్లతో ఆడుకుంటుంది. ఆమె పెట్టే పరీక్షల్లో ఒకదానిలో గ్యారిడెబ్ అనే ముగ్గురు అన్నదమ్ముల్ని తాళ్లకు కట్టి వేలాడదీస్తారు. ఆ పేరు వినగానే డాయిల్ చదివినవాళ్లకి గుండె ఝల్లుమంటుంది. ముగ్గురు గ్యారిడెబ్‌ల కథలో వాట్సన్ తొడకి తూటా తగులుతుంది. హోమ్స్ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దెబ్బ తగల్లేదు కదా, తగల్లేదని చెప్పు అని బతిమాలతాడు. పెదవులు వణుకుతాయి, కళ్లు చెమరుస్తాయి. చాకుతో ప్యాంటు కోసి చూస్తాడు. పైపై గాయమే. ఈ ప్రేమ చూడటానికి ఎన్ని గాయాలైనా తగలొచ్చు అని రాసుకుంటాడు వాట్సన్. ఎన్నో ఏళ్ల స్నేహంలో ఆ గుండె బయటపడింది ఆ ఒక్కసారేనట. సిరీస్‌లో పేరు పెట్టుకుని ముగ్గురినీ నీళ్లలో పారేశారు. గాయం లేదు, చాకు లేదు, వణికే పెదవి లేదు. వాట్సన్ కాళ్లకి సంకెళ్లతో ఒక బావిలో ఉంటాడు, ఎవరో వచ్చి తీసేదాకా. మొదటి ఎపిసోడ్‌లో చేతికర్ర పారేసి పరుగెత్తిన మనిషిని తెచ్చి అక్కడ పడేశారు. మూలంలో ఉన్నదాన్ని మార్చుకోండి, తప్పులేదు. ఉన్నవాటిలో అన్నిటికన్నా లోతైన సీన్‌ని వదిలేసి, దాని పేరుని మాత్రం తెలిసినవాళ్లు గుర్తుపట్టడానికి వాడుకోవడం నాకు నచ్చలేదు.

ఇప్పుడు ఎలిమెంటరీ. నేను ఇది చూడటం మొదలుపెట్టింది అనుమానంతోనే, ఎందుకంటే వాట్సన్‌ని ఆడమనిషిని చేశారు. జోన్ వాట్సన్‌గా లూసీ లియు. కథ న్యూయార్క్‌లో. ఆమె ఒకప్పుడు సర్జన్. తన చేతిలో ఒక పేషెంటు చనిపోయాక వృత్తి మానేసి, డ్రగ్స్ మానినవాళ్లకి తోడుగా ఉండే పనిలో చేరింది. హెరాయిన్ మాన్పించుకుని బయటికొచ్చిన హోమ్స్‌కి కాపలాగా అతని తండ్రి ఆమెని నియమిస్తాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండాలి. అక్కడి నుంచి ప్రేమకథ మొదలవుతుందని అందరిలాగే నేనూ ఎదురుచూశాను. ఏడు సీజన్లు, 154 ఎపిసోడ్లు, చివరిదాకా స్నేహంగానే నడిపారు. ఆడా మగా ఒకరి పనిని ఒకరు గౌరవించుకుంటూ ఒక ఇంట్లో బతకడాన్ని ఇంత ఓపికగా చూపించిన సిరీస్ నాకు తెలిసి తక్కువ.

ఆశ్చర్యమేమిటంటే, వృత్తి మానేసిన ఈ వాట్సనే నాకు ఎక్కువ డాక్టరులా కనిపించింది. ఆపరేషన్‌లో పేషెంటు పోతే ఆ భారం డాక్టరు లోపల ఎన్నేళ్లు ఉంటుందో బయటివాళ్లకి తెలియదు. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నా అదే మెదులుతుంది. మొదటి సీజన్‌లో ఒక ఎపిసోడ్ ఆసుపత్రిలో నడుస్తుంది. హోమ్స్ హంతకుణ్ణి వెతుకుతుంటే, జోన్ కళ్లు ఒక పేషెంటు మీద పడతాయి. గుండె లోపలి పొరకి ఇన్ఫెక్షన్ ఉండొచ్చని అనుమానం. ఆమెకి అక్కడ ఏ అధికారమూ లేదు, కోటు లేదు, సంతకం చెల్లదు. అయినా మనసు ఊరుకోదు, అక్కడే డాక్టరుగా ఉన్న పాత స్నేహితురాలి వెంటపడుతుంది. తెల్లకోటు విప్పేసినా ఆ చూపు పోదని చెప్పే సీన్ అది. దాన్ని హంతకుడి కథకి సమానంగా పక్కనే నడిపించారు, అందుకే నాకు అంత నచ్చింది.

డ్రగ్స్ విషయంలో కూడా ఎలిమెంటరీ మార్కులు కొట్టేసింది. రెండో నవల మొదలయ్యేదే హోమ్స్ కొకైన్ ఇంజెక్షన్ తీసుకోవడంతో. డాక్టరుగా వాట్సన్ మందలిస్తాడు. తర్వాత ఎన్నో ఏళ్లకి రాసిన ఇంకో కథలో, నెమ్మదినెమ్మదిగా మాన్పించాను, కానీ ఆ అలవాటు చావలేదు, నిద్రపోతోందంతే అంటాడు. ఒక పేరా కూడా లేని ఆ మాటని ఎలిమెంటరీ ఏడు సీజన్లు మోసింది. డ్రగ్స్ మానినవాళ్ల మీటింగులకి వెళ్లడం, చెప్పిందే మళ్లీ చెప్పుకోవడం, విసుగు, ఆల్ఫ్రెడో అనే మార్గదర్శి, మానిన రోజులు లెక్కపెట్టుకోవడం. మూడో సీజన్ చివర్లో అన్నీ బాగున్నాయనుకునే వేళ మళ్లీ జారిపోతాడు. నాకు ఆ ఎపిసోడ్ తర్వాత నిద్రపట్టలేదు. తాగుడు మానిన భర్త మళ్లీ మొదలుపెట్టాడని వచ్చే భార్యల ముఖాలు మా ఓపీలో చూస్తూనే ఉంటాం. బీబీసీ సిరీస్‌లో డ్రగ్స్ హోమ్స్ తెలివికి అలంకారంలా వస్తుంది, పోతుంది. ఇందులో అది జబ్బు. జబ్బులాగే ప్రవర్తిస్తుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. సీజన్‌కి చాలావరకు 24 ఎపిసోడ్లు కాబట్టి సాగదీత తప్పలేదు. ప్రతి కేసులోనూ మొదట అనుమానించినవాడు అమాయకుడని మనకి ముందే తెలిసిపోతుంది. ఐదో సీజన్‌లో కొన్ని వరసగా చూస్తే ఏది ఏదో గుర్తుండదు. లండన్ వర్షం, బేకర్ స్ట్రీట్ మెట్లు కావాలనుకునేవాళ్లకి ఇక్కడ అవి దొరకవు. కెమెరా పనితనంలో బీబీసీ సిరీస్ ఎక్కడో ఉంది, ఇది ఎక్కడో ఉంది. కానీ మార్కస్ బెల్ అనే పోలీసు డిటెక్టివ్ పాత్ర చూడండి. ఆ ఇంటిపేరు వినగానే ఎడిన్‌బరో ఓపీ నాకు గుర్తొచ్చి మనసు నిండిపోయింది. అతన్ని తెలివితక్కువ పోలీసుగా చూపించకుండా ఎదగనిచ్చారు కూడా.

మార్పులేమీ వద్దు, పుస్తకంలో ఉన్నట్టే కావాలంటే 1984 నుంచి 1994 దాకా గ్రనడా టెలివిజన్ తీసిన జెరెమీ బ్రెట్ హోమ్స్‌గా వేసిన సిరీస్ ఉండనే ఉంది. అంతకుముందు సినిమాల్లో నైజెల్ బ్రూస్ వేసిన వాట్సన్‌తో డాక్టరు అంటే తడబడే ముసలాయన అన్న ముద్ర పడింది. దాన్ని చెరిపేసిన ఘనత గ్రనడాదే. డేవిడ్ బర్క్, ఆయన తర్వాత ఎడ్వర్డ్ హార్డ్‌విక్, ఇద్దరూ పేషెంటు ధైర్యంగా చెయ్యి చాపే డాక్టర్లలా ఉంటారు.

కొత్తగా చూడబోయేవాళ్లకి నా సలహా ఇది. షెర్లాక్ మొదటి రెండు సీజన్లు వరసగా చూడండి, ఒక్కో ఎపిసోడ్ సుమారు గంటన్నర, సినిమాలా కూర్చోవాలి. మాటల వేగం ఎక్కువ, సబ్‌టైటిల్స్ పెట్టుకోకపోతే సగం పోతుంది. ఐరీన్ ఎపిసోడ్ పిల్లలతో కలిసి చూసేది కాదు. మూడో దానిలో పెళ్లి ఎపిసోడ్ వదలొద్దు. నాలుగోదానిలో టోబీ జోన్స్ కోసం రెండోది చూసి, అక్కడితో ఆపేసినా మీకేమీ నష్టం లేదు. ఎలిమెంటరీ అయితే రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒకటి చొప్పున చూసుకునేది. మొదటి సీజన్ చివరిదాకా ఓపిక పట్టండి, హోమ్స్‌కి అసలు శత్రువైన మోరియార్టీ ఎవరో తెలిసే మలుపు అక్కడుంది, అది చెప్పను. హౌస్‌సర్జన్సీ చేస్తున్న పిల్లలు ఇంట్లో ఉంటే ఆసుపత్రి ఎపిసోడ్ దగ్గర వాళ్లని పిలిచి కూర్చోబెట్టండి.